ఫొటోల్లో లేని పిల్లల లెక్క: ఇంటర్ కాలేజీ వెతుకులాటలో నా అనుభవం

2024 జూన్ 9, ఆదివారం నాడు ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వచ్చాయి. మర్నాడు పొద్దున పేపరు తీస్తే వార్తలున్న పేజీ దొరకడానికి చాలా పేజీలు తిప్పాల్సి వచ్చింది. ముందున్నవన్నీ కాలేజీల ప్రకటనల్లో పిల్లల ఫొటోలే. ఫొటో కింద హాల్‌టికెట్ నంబరు, పైన ఎర్రటి గుండ్రంలో ర్యాంకు. 1, 1, 2, 3, 3, 4... టీవీ పెడితే అక్కడా అవే అంకెలు. ఊపిరి తీసుకోకుండా చదువుతున్న గొంతు.

మా అమ్మాయి ఆ వారమే పదో తరగతిలోకి వెళ్తోంది. నా పక్కన కూర్చుని రెండు కాలేజీల ప్రకటనలూ పక్కపక్కన పరుచుకుని చూసింది. "అమ్మా, ఈ అన్నయ్య ఇందులోనూ ఉన్నాడు, అందులోనూ ఉన్నాడు. రెండు చోట్ల ఎలా చదివాడు?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఆ రెండు పేజీలూ మడిచి బీరువాలో దాచాను. ఆ తర్వాత పది నెలల పాటు మేం తిరిగిన తిరుగుడంతా ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మేం ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా వారు మెడికల్ రిప్రజెంటేటివ్. నెలలో సగం రోజులు జిల్లాల్లోనే ఉంటారు. మా అమ్మాయి శ్రద్ధగా చదువుతుంది. క్లాసులో మొదటి ర్యాంకు ఎప్పుడూ రాలేదు, వెనకబడిందీ లేదు. నలభై మందిలో పదికీ పదిహేనుకీ మధ్య ఉంటుంది. లెక్కలంటే ఇష్టం. ఫిజిక్స్ అంటే కొంచెం భయం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొదటి వరసలో ఉండే పిల్లల కోసం కాలేజీల వాళ్లే ఇంటికి వస్తారు, ఫీజు వద్దంటారు, హాస్టల్ కూడా ఉచితం అంటారు. మాలాంటి వాళ్లం మాత్రం ఫీజు పూర్తిగా కట్టి మరీ, మా పిల్ల ఎక్కడ బాగుపడుతుందో మేమే వెతుక్కోవాలి. ఆ పేజీల్లో ఉన్నదేదీ మా పిల్ల గురించి కాదు.

ముందు ఆ ప్రకటన చదవడం నేర్చుకున్నాను. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఒక్కో విద్యార్థికీ ఆలిండియా కామన్ ర్యాంకు ఒకటి, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగుల కోటా ఉన్నవారికి ఆ కేటగిరీ ర్యాంకు ఇంకొకటి వస్తాయి. ఎర్ర గుండ్రంలో ఏ ర్యాంకు వేశారో పెద్దక్షరాల్లో ఉండదు. ఒకే పేజీలో రెండు 1లు, రెండు 3లు అలా వస్తాయి. కేటగిరీ ర్యాంకైనా ఆ పిల్లల కష్టార్జితమే, దాని విలువ తక్కువ కాదు. కానీ అన్నిటినీ ఒకే వరసలో పేర్చినప్పుడు, మొదటి వంద మందిలో సగం మంది ఒక్క కాలేజీ వాళ్లేనేమో అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

పేజీ కింద ఇంకో లెక్క ఉంది. "అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించినవారు ఇన్ని వేలు" అని. అది చూసి అసలు సంఖ్యలు వెతికాను. 2024లో, అడ్వాన్స్‌డ్‌కు ముందు ఉండే జేఈఈ మెయిన్ పరీక్ష రాసినవాళ్లు సుమారు 14 లక్షల 15 వేలు. వాళ్లలో అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత ఇచ్చేది రెండున్నర లక్షల మందికి. ఆ ఏడాది అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు 1,80,200. క్వాలిఫై అయినవాళ్లు 48,248. ఐఐటీలు 23 ఉంటే వాటన్నిటిలో కలిపి సీట్లు 17,740. అంటే మెయిన్‌లో "క్వాలిఫైడ్" అయిన వాళ్లలో చాలామందికి ఐఐటీ దగ్గర్లో కూడా లేదు. అడ్వాన్స్‌డ్‌లో "క్వాలిఫైడ్" అయినవాళ్లలోనూ ముగ్గురిలో దాదాపు ఇద్దరికి సీటు రాదు. ఒకే మాటకు రెండు పరీక్షల్లో రెండు అర్థాలు. ప్రకటనలో ఆ మాట ఎక్కడ కనిపించినా ఏ పరీక్షకు అర్హతో అడగాలని నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకున్నాను.

పర్సంటైల్ కూడా అంతే. 90 పర్సంటైల్ అంటే వినడానికి నూటికి తొంభై మార్కుల్లా ఉంటుంది. 14 లక్షల మంది రాసిన పరీక్షలో 90 పర్సంటైల్ అంటే ముందు లక్షా నలభై వేల మంది ఉన్నట్టు. 95 అంటే డెబ్భై వేలు. 99 అంటే పద్నాలుగు వేలు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ వాళ్లబ్బాయికి 88 వచ్చిందని, వరంగల్ ఎన్ఐటీలో సీటు గ్యారంటీ అని కౌన్సెలింగ్ రోజు వరకూ నమ్మింది. ఆవిడకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. కాలేజీ వాళ్లు చెప్పాల్సింది, చెప్పలేదు.

దసరా సెలవుల్లో పీఆర్ఓలు, అంటే అడ్మిషన్ల కోసం ఇళ్లకు తిరిగే కాలేజీ మనుషులు, రావడం మొదలైంది. అమ్మాయి స్కూలు నుంచే నంబర్లు వెళ్లినట్టున్నాయి, ఒకే రోజు నలుగురు ఫోన్ చేశారు. ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూలు ఇచ్చేది వేసవిలో. ఆ లోపు చేర్చుకోకూడదని బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. కానీ ఇంటికొచ్చిన కుర్రాడు చాలా మర్యాదగా, "మేడమ్, సంక్రాంతి దాటితే ఆ క్యాంపస్‌లో సీటు చెప్పలేను. ఇప్పుడు పదివేలు కట్టి రిజర్వ్ చేసుకుంటే ముప్పై వేలు కన్సెషన్" అన్నాడు. పోయినేడు ఆ క్యాంపస్‌లో ఎంతమంది సీనియర్ ఇంటర్ పూర్తి చేశారని అడిగాను. ఫైలు తెరిచి మళ్లీ అవే ఫొటోలు చూపించాడు. ఇవి మొత్తం రెండు రాష్ట్రాల్లోని బ్రాంచిలన్నిటివీ కదా, మా పిల్ల చేరబోయే బిల్డింగ్‌లో పిల్లలెందరు, వాళ్లకేమొచ్చింది అని మళ్లీ అడిగాను. "అది మా ప్రిన్సిపాల్ సార్ చెబుతారు మేడమ్" అని లేచాడు. మా అత్తయ్య ఆ అబ్బాయికి మంచినీళ్లిచ్చి, నాతో మెల్లగా, "వాడికి తెలిస్తే చెప్పేవాడే, పాపం" అంది. నిజమే, అతనికి ఇచ్చిన ఫైలులో అది లేదు.

స్కాలర్‌షిప్ టెస్టులు మూడు రాసింది మా అమ్మాయి. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ వైపు ఒకటి, కూకట్‌పల్లిలో ఒకటి, ఆన్‌లైన్‌లో ఇంకొకటి. ఈ టెస్టుల మీద ఫీజు రాయితీతో పాటు సెక్షన్ కూడా ఆధారపడి ఉంటుంది. ఒక్కో కాలేజీ ఒక్కో పేరు పెట్టుకున్నా పద్ధతి ఒకటే: పైన ఒకటో రెండో ఏరిన బ్యాచ్‌లు, వాటికి సీనియర్ లెక్చరర్లు, వేరే మెటీరియల్, చాలాసార్లు వేరే క్యాంపస్. కింద మిగతా సెక్షన్లు. ప్రకటనలో ఫొటోలు దాదాపు పై బ్యాచ్ నుంచే వస్తాయి. మా అమ్మాయికి మూడు చోట్లా కింది సెక్షన్లే వచ్చాయి. "బాగా చదివితే షఫ్లింగ్‌లో పైకి మారుస్తాం" అన్నారు మూడు చోట్లా.

ఇది విన్నప్పుడు మా పెద్ద బావగారు గుర్తొచ్చారు. ఆయన తొంభైల్లో నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌కి ప్రవేశ పరీక్ష రాసి, సీటు రాక, ఏడాది పాటు బాధపడ్డారట. ఆ ప్రవేశ పరీక్షకే వేరే కోచింగులు ఉండేవని చెబుతారు. "అక్కడ సీటు రావడమే సగం ఐఐటీ అనేవాళ్లం. మాష్టారు ఎంత గొప్పగా చెప్పేవారో, లోపలికి వెళ్లిన పిల్లలు కూడా అంత గట్టివాళ్లు" అన్నారు. అక్కడ ఏరి తీసుకుంటారన్న సంగతి అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు. ఇప్పుడూ ఏరుతున్నారు. కాకపోతే ఏరినవాళ్ల ఫలితం చూపించి, ఏరనివాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటున్నారు. నన్ను బాధపెట్టింది ఇదే. పైబ్యాచ్ పిల్లవాడికి వచ్చిన ర్యాంకులో ఆ కాలేజీ పాత్ర ఎంతో నేను చెప్పలేను. అతను ఎక్కడ చదివినా పైకి వచ్చేవాడేమో. కింది సెక్షన్‌లో చేరిన పిల్ల రెండేళ్లలో ఎక్కడి నుంచి ఎక్కడికి చేరిందో చూస్తే కాలేజీ చేసిన పని తెలుస్తుంది. ఆ లెక్క ఏ పేజీలోనూ లేదు.

అకౌంట్స్‌లో మాకు ఒక అలవాటు ఉంటుంది. అమ్మకాలు ఇంత అని ఎవరైనా చెబితే, వెనక్కి వచ్చిన సరుకెంత అని వెంటనే అడుగుతాం. అలాగే అడగాలనుకున్నాను. కాలేజీ వాళ్లు చెప్పకపోతే చదివిన పిల్లలు చెబుతారు కదా.

మా పైఅంతస్తులో ఉండే అబ్బాయి అప్పుడు గండిపేటలో ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నాడు. మేం చూస్తున్న కాలేజీల్లో ఒకదానిలో, కింది సెక్షన్‌లో ఇంటర్ చదివాడు. ఒక ఆదివారం ఇంటికి పిలిచి, "మీ సెక్షన్‌లో మొత్తం ఎంతమంది, ఎవరెక్కడున్నారు, గుర్తున్నంత వరకు చెప్పు నాన్నా" అన్నాను. వాళ్ల వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. ఒక్కో పేరు చూస్తూ రెండు గంటలు చెప్పాడు, నేను పేర్లు వదిలేసి అంకెలు మాత్రం రాసుకున్నాను. మొదటి ఏడాది జూన్‌లో 62 మంది. రెండో ఏడాది చివరికి 51. మిగిలిన పదకొండు మందిలో ముగ్గురు పై బ్యాచ్‌కి వెళ్లారు. ఇద్దరు ఊరు మారారు. ఆరుగురు టీసీ తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఆరుగురి గురించి అడిగితే, "ఒకడికి ఒంట్లో బాగోలేదు ఆంటీ, మిగతావాళ్లకు వీకెండ్ టెస్టుల టెన్షన్" అని కొంచెం ఆగి, "వాళ్లు గ్రూపులోంచి కూడా వెళ్లిపోయారు" అన్నాడు.

ఆ 51 మందిలో జేఈఈ మెయిన్‌లో 95 దాటినవాళ్లు నలుగురు. ఈఏపీసెట్‌లో (రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష) పదివేలలోపు ర్యాంకు వచ్చినవాళ్లు ఆరుగురు. సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి, అంటే ఇరవై ఆరో వాడికి, ఈఏపీసెట్ ర్యాంకు ముప్పై ఎనిమిది వేల చిల్లర. ఈ చివరి అంకె కోసమే నేను అంతసేపు కూర్చున్నాను. మా అమ్మాయి ఆ సెక్షన్‌లో చేరితే ఆ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది.

రెండు ప్రకటనల్లో ఉన్న అబ్బాయి సంగతి కూడా అతనే చెప్పాడు. ఆ విద్యార్థి రెండేళ్లూ చదివింది ఒక దగ్గర. చివరి నెలల్లో రెండో సంస్థ ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ రాశాడు. అందుకే రెండు చోట్లా ఫొటో.

దీని మీద నిబంధన కూడా ఉందని నవంబరులో పేపర్లో చదివాను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్ 13న కోచింగ్ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. విజేతల ఫొటో వేస్తే పేరు, ర్యాంకు, వాళ్లు చదివిన కోర్సు ఏది, ఎంతకాలం, డబ్బు కట్టి చదివారా లేదా అన్నది కూడా చెప్పాలి. షరతులు చిన్న అక్షరాల్లో దాచకూడదు. ఫలితం వచ్చాక ఆ విద్యార్థి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆ వార్త కత్తిరించి, బీరువాలో ఉన్న పాత ప్రకటనలతో కలిపి ఒక బ్రాంచికి తీసుకెళ్లాను. ఇందులో మీ క్యాంపస్‌లో రెండేళ్లు చదివిన పిల్లలెవరో గుర్తు పెట్టి ఇవ్వమని అడిగాను. అక్కడ ఉన్నాయన కోప్పడలేదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, "అమ్మా, మీరు చాలా డీప్‌గా వెళ్తున్నారు. పిల్లను మా మీద వదిలేయండి" అన్నారు. నలభై పేజీల బ్రోచర్ చేతిలో పెట్టారు. గుర్తు పెట్టి మాత్రం ఇవ్వలేదు.

బయటికొచ్చాక మా అమ్మాయి అడిగింది, "నువ్వు అన్నీ ర్యాంకులే అడుగుతున్నావు. అర్థం కాకపోతే ఎవరిని అడగాలో ఒక్కసారి కూడా అడగట్లేదు" అని. ఆ మాటతో నోట్‌బుక్‌లో ఇంకో పేజీ మొదలుపెట్టాం. అది తనే రాసుకుంది. సాయంత్రం స్టడీ అవర్‌లో లెక్చరర్ ఉంటారా, వార్డెన్ మాత్రమే ఉంటారా? ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఏడాది మధ్యలో ఎన్నిసార్లు మారారు? టెస్టులో తప్పు చేసిన ప్రశ్నలు మళ్లీ చెబుతారా, మార్కులు మాత్రమే బోర్డు మీద పెడతారా? ఆదివారం సెలవుందా? ఈ నాలుగూ తనే అడిగేది, నేను పక్కన ఉండేదాన్ని. మొదటిసారి గొంతు పెగల్లేదు. మూడో కాలేజీకి వచ్చేసరికి కాగితం చూడకుండానే అడిగింది.

మధ్యలో చాలా కాలేజీలు చూశాం. వాటి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఒకదానికి అఫిలియేషన్ ఏ పేరు మీద ఉందో తెలియలేదు. బోర్డు మీద ఒక పేరు, ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లోని జాబితాలో ఆ చిరునామాకి ఇంకో పేరు ఉన్నాయి. పరీక్ష హాల్‌టికెట్ ఏ కాలేజీ పేరు మీద వస్తుందని అడిగితే స్పష్టంగా చెప్పలేదు, వచ్చేశాం. ఇంకో చోట ఒక సెక్షన్‌లో నూట ఇరవై మంది పిల్లల్ని చూశాను. బోర్డు సెక్షన్‌కి 88 మందికి మించి ఒప్పుకోదు.

జనవరిలో, సంక్రాంతి అయిన వారం, మా ఆఫీసులో పనిచేసే ఒక సార్ చెబితే ఒక చిన్న కాలేజీకి వెళ్లాం. పెద్ద పేరు లేదు. ఎంపీసీ రెండు సెక్షన్లు, బైపీసీ ఒకటి, అంతే. హోర్డింగ్ లేదు, గేటు మీద నాలుగు ఫొటోలు. ప్రిన్సిపాల్ ఫిజిక్స్ లెక్చరరే, యాభై దాటిన మనిషి. నా ప్రశ్న విని ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత అల్మారాలోంచి ఒక రిజిస్టరు తీసి ముందు పెట్టారు. "పేర్లు మూసి చూపిస్తానమ్మా, మిగతాది చూసుకోండి" అని ఎడమవైపు ఒక అట్ట పెట్టారు.

2022లో చేరి 2024లో బయటికెళ్లిన ఎంపీసీ పిల్లలు 74 మంది. ఒక్కో వరసలో పదో తరగతి జీపీఏ, మొదటి ఏడాది మార్కులు, రెండో ఏడాది మార్కులు, మెయిన్ పర్సంటైల్, ఈఏపీసెట్ ర్యాంకు, చివరికి చేరిన కాలేజీ. మధ్యలో మానేసినవాళ్లు ఐదుగురు, వాళ్ల వరసలు కూడా కొట్టేయకుండా ఉంచారు, పక్కన కారణం రాసి ఉంది. ఈ రిజిస్టరు ఎందుకు పెడుతున్నారని అడిగితే, "ఏ గడిలో పిల్లలు కిందికి జారారో చూసుకుంటే మేమెక్కడ సరిగా చెప్పలేదో తెలుస్తుందమ్మా" అన్నారు. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి. అన్ని నెలలుగా నేను అడుగుతున్నది ఉంది, ఒకరు రాసి పెట్టుకున్నారు.

అందులో ఐఐటీ సీటు ఒక్కటే. మెయిన్‌లో 99 దాటినవాళ్లు ఇద్దరు. ప్రకటన పెడితే ఎవరూ చూడరు. కానీ సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి ఈఏపీసెట్ ర్యాంకు ఇరవై నాలుగు వేలు. నేను వెంటనే ఇంకో సంగతి చూశాను: చేరేటప్పుడే వీళ్లు మంచి పిల్లలేమో అని. జీపీఏ గడి మొత్తం చదివాను. పదికి పది ఉన్నవాళ్లు కొద్దిమందే, ఎక్కువమంది ఎనిమిదిన్నరకూ తొమ్మిదిన్నరకూ మధ్య. పైఅంతస్తు అబ్బాయిని మళ్లీ అడిగి వాళ్ల సెక్షన్ వాళ్ల జీపీఏలు తెలిసినంత వరకు రాసుకున్నాను, అక్కడ కొంచెం ఎక్కువే ఉన్నాయి. రెండు చిన్న జాబితాలు, వాటితో పెద్ద మాటలు చెప్పకూడదని నాకు తెలుసు. కానీ ఆ పెద్ద ఫొటోల పేజీ కంటే ఈ రెండు జాబితాలే మా పిల్లకు దగ్గరగా ఉన్నాయి.

ఇరవై నాలుగు వేలకీ ముప్పై ఎనిమిది వేలకీ తేడా ఏమిటో కూడా చూశాం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ తర్వాత ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో కేటగిరీల వారీగా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా జాబితా పెడతారు. అందరికీ అందుబాటులోనే ఉంటుంది. మా వారు ఒక రాత్రి ఆ జాబితా ముందేసుకుని, మా కేటగిరీలో అమ్మాయిల గడి కింద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ కూర్చున్నారు. ఆ రెండు ర్యాంకుల మధ్య మేం కోరుకునే కాలేజీలు చాలానే మారిపోతున్నాయి. తెలంగాణలో ఈఏపీసెట్‌కి ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు, ర్యాంకు పూర్తిగా పరీక్ష మీదే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా 25 శాతం ఉంది కాబట్టి అక్కడి తల్లిదండ్రులు ఇంటర్ మార్కుల గడిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇక్కడైనా మార్కులు వదిలేయడానికి లేదు, ఎన్ఐటీ, ఐఐటీలకు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో కావాలి.

నిర్ణయం తేలిగ్గా జరగలేదు. మా వారికి పెద్ద కాలేజీ వైపే మనసు. "రేపు ర్యాంకు రాకపోతే, పేరున్న దాంట్లో వేయలేదనే మాట మనకు మిగులుతుంది" అన్నారు. ఆ భయం నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. బంధువుల్లో ఎవరికి చెప్పినా "ఆ కాలేజీ పేరెప్పుడూ వినలేదే" అనేవారు. చివరికి అమ్మాయినే రెండు చోట్లా ఒక్కో రోజు కూర్చోనిచ్చారు. పెద్ద క్యాంపస్‌లో పాఠం చాలా బాగుందంది, అది దాచలేదు. చిన్న కాలేజీలో పాఠం మామూలుగా ఉందంది, కానీ సాయంత్రం స్టడీ అవర్‌లో ఫిజిక్స్ సార్ తన దగ్గరికే వచ్చి ఒక లెక్కను మూడుసార్లు చెప్పారట. "నాకు మూడోసారి అర్థమైందమ్మా" అంది. మా వారు ఇంకేం మాట్లాడలేదు. 2025 ఏప్రిల్ చివర్లో పదో తరగతి ఫలితాలు వచ్చాయి, మే నెలలో ఆ చిన్న కాలేజీలో చేర్పించాం.

ఇప్పుడు జూనియర్ ఇంటర్ నడుస్తోంది. కెమిస్ట్రీ లెక్చరర్ ఆగస్టులో మారిపోయారు, అది మాకు కష్టమే అయింది. ప్రిన్సిపాల్ తల్లిదండ్రులందరినీ పిలిచి చెప్పారు, కొత్తవారు రావడానికి మూడు వారాలు పట్టింది. వీకెండ్ టెస్టుల్లో ఫిజిక్స్ మార్కులు ఇంకా తక్కువే, కానీ తప్పు చేసిన ప్రశ్నలు వేరే నోట్‌బుక్‌లో మళ్లీ చేసుకుంటోంది. రాత్రి పదిన్నరకు పడుకుంటోంది.

మొన్న దసరాకి సూర్యాపేట నుంచి మా వదిన ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి ఇప్పుడు పదో తరగతి. పీఆర్ఓ వచ్చి కూర్చున్నాడట, పక్కకు వచ్చి మాట్లాడుతోంది. "వదినా, వీళ్లకు ఫస్టు ర్యాంకులు ఎన్నో వచ్చాయంట, పదివేలు కట్టమంటున్నాడు, కట్టెయ్యమంటావా?" అంది. ఇవాళ కట్టొద్దన్నాను. వాళ్లబ్బాయి క్లాసులో ఎన్నోవాడో, ఏ సబ్జెక్టుకి భయపడతాడో ముందు ఒక కాగితం మీద రాయించమన్నాను. వాళ్ల వీధిలో ఆ కాలేజీలో చదివిన పిల్లలు ఎవరున్నారో పేర్లు అడిగి పెట్టమన్నాను. వచ్చే ఆదివారం నేనే బస్సెక్కి వస్తున్నాను, నోట్‌బుక్ తీసుకుని. మా అమ్మాయి తన పేజీ జిరాక్స్ తీసి అందులో పెట్టింది.